చందూరుకు వచ్చిన కోస్తా రైతు, కాడెద్దుల బేరం

నిజామాబాదు జిల్లాలో వర్ని, చందూరు, బోధను వైపు పోతే కొన్ని పల్లెల పేర్ల చివర ‘క్యాంపు’ అనే మాట వినబడుతుంది. అది పటాలం దిగిన చోటు కాదు. కోస్తా నుంచి వలస వచ్చిన రైతులు పాకలు వేసుకొని నిలిచిన చోటు.

మంజీరా మీద నిజాంసాగరు కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసినది. సుమారు 2,75,000 ఎకరాలకు నీరివ్వాలని సంకల్పం. కాలువ వచ్చింది గాని, జొన్న పండించుకొనే చాలామందికి మడి కట్టి దమ్ము చేసేందుకు పెట్టుబడి చాలలేదు. అటు కృష్ణా, గోదావరి డెల్టాలలో భూమి ప్రియమై, అన్నదమ్ముల పంపకాలతో కమతాలు చిన్నవైనవి. 1930 తరువాత ధాన్యం ధర పడిపోయినది. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ కొన్ని ఎకరాలు వచ్చేవి. అందుకే బండి కట్టినారు.

వచ్చినవారికి లెక్కే మారిపోయింది. అక్కడ ఎకరానికి 100 సెంట్లు, ఇక్కడ 40 గుంటలు. భూమి కాగితాలు ఉర్దూలో. అక్కడి సంత ఇక్కడ అంగడి, అక్కడి సంచకారం ఇక్కడ బయానా.

ట్రాక్టరు లేని ఆ రోజుల్లో ఎద్దు లేనిదే సేద్యం లేదు. నీరు పారిన కొద్దీ కాడెద్దుకు గిరాకీ పెరిగినది. వ్యవసాయంతోపాటు పశువుల బేరం చేసిన రైతుకు వేసవిలో కూడా నాలుగు డబ్బులు ఆడేవి. ఒంగోలు జాతి ఆయనకు తెలిసినదే. దేవణి, ఎర్ర కంధారి జాతుల పుట్టిల్లు ఇక్కడికి పొరుగునే ఉన్నది. నాందేడు జిల్లా మాలేగావ్ ఖండోబా జాతర పశువుల బేరానికి పేరుపొందినది. తువ్వాలు కింద వేళ్లు పట్టి ధర చెప్పడం, నోరు తెరిచి పళ్లు చూడడం బేరగాని విద్య. రెండు పళ్లు వేస్తే రెండు, రెండున్నర ఏళ్లు. ఎనిమిది పళ్లూ నిండితే సుమారు అయిదేళ్లు. కాని ఆయన అసలు ఆస్తి మాట. అమ్మిన ఎద్దు రేగడిలో కూలబడితే మరుసటి అంగడిలో ఆయన్ను నమ్మేదెవరు?

1937లో బోధనులో నిజాం షుగరు ఫ్యాక్టరీ వెలిసినది. చెరకు బండ్లు లాగడానికి మళ్లీ ఎద్దులే కావలసివచ్చినవి. తరువాత ట్రాక్టరు వచ్చి ఎద్దును తప్పించినది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడినది. నిజాంసాగరులో పూడిక చేరి నీటి నిలువ తగ్గినది.

ఇంకొక సంగతి దాచకూడదు. వలస రైతు కష్టజీవే. అయితే తక్కువ ధరకు భూమి వదులుకొన్న స్థానికుని బాధ కూడా ఈ చరిత్రలో భాగమే. ఒకరికి ఎకరాలు పెరిగిన చోటనే మరొకరికి తరిగినవి.

గ్రామసేవకులు, విస్తరణాధికారులు ఈ రెండు వైపుల పెద్దలనూ కూర్చోబెట్టి అడిగి రాసుకోవాలి. రైతులు గమనించవలసినది ఒకటి: ఒకే పంటను, ఒకే ఫ్యాక్టరీని నమ్ముకొన్నవాడు ఆ ఫ్యాక్టరీ తలుపుతోపాటు మూతపడతాడు. కొట్టంలో నాలుగు పశువులున్న ఇల్లు కరువు ఏడాదిని దాటుతుంది. వచ్చినవారికైనా, ఉన్నవారికైనా ఇది ఒక్కటే లెక్క.