మోర్మన్లు ఎవరు? కడవరి దిన పరిశుద్ధుల సంఘంపై తరచూ ఎదురయ్యే ప్రశ్నలు, సమాధానాలు

న్యూఢిల్లీ: తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లని పేరుపట్టీతో జంటగా నడిచే యువకులు. మోర్మన్లు అనగానే చాలామందికి గుర్తుకు వచ్చే దృశ్యమిది. ఆ వెంటనే తలెత్తే ప్రశ్నలూ దాదాపు ఒకటే. వీరు క్రైస్తవులేనా? పలువురు భార్యలను చేసుకుంటారా? అమెరికాలో పుట్టిన ఈ సంఘం భారతదేశానికి ఎలా వచ్చింది?

ప్రపంచవ్యాప్తంగా 1.7 కోట్లకు పైగా సభ్యులున్నారని ఈ సంఘం చెబుతుంది. భారతదేశంలో ఆ సంఖ్య పదిహేను వేల దరిదాపుల్లోనే ఉంది. అయితే దేశంలో వీరి చరిత్ర తెలుగువారితో, ముఖ్యంగా హైదరాబాద్‌తో గాఢంగా ముడిపడి ఉంది. ఆ సంఘం నేపథ్యం, విశ్వాసాలు, వాటి చుట్టూ ఉన్న వివాదాలు, భారత చట్టాల దృష్టిలో సభ్యుల స్థితి వివరంగా ఇవి.

సంఘం ఎలా మొదలైంది?

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు 1830 ఏప్రిల్ 6న ఈ సంఘాన్ని స్థాపించాడు. తనకు దైవదర్శనం కలిగిందని, దేవదూత చూపిన బంగారు రేకులపై ఉన్న ప్రాచీన లేఖనాన్ని దైవశక్తితో అనువదించానని ఆయన ప్రకటించాడు. ఆ అనువాదంగా అదే ఏడాది వెలువడినదే మోర్మన్ గ్రంథము. క్రీస్తుపూర్వం జెరూసలేం నుంచి అమెరికా ఖండానికి చేరిన జనుల కథను, పునరుత్థానం తర్వాత క్రీస్తు వారికి దర్శనమిచ్చిన వైనాన్ని అది చెబుతుంది. సభ్యులు దీనిని బైబిలుతో సమానమైన పవిత్ర గ్రంథంగా భావిస్తారు. ఆ కథకు పురావస్తు ఆధారాలు లేవన్నది సంఘేతర చరిత్రకారుల అభిప్రాయం.

1844లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని కార్తేజ్ చెరసాలలో అల్లరిమూక స్మిత్‌ను కాల్చి చంపింది. ఆయన తర్వాత అనుచరులలో అధికులు బ్రిగమ్ యంగ్ నాయకత్వాన పడమరకు వలస సాగించి, 1847లో సాల్ట్ లేక్ లోయకు చేరారు. నేటికీ సంఘ ప్రధాన కార్యాలయం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలోనే ఉంది.

వీరు క్రైస్తవులేనా?

తాము క్రైస్తవులమేనని సభ్యులు నిస్సందేహంగా చెబుతారు. క్రీస్తును దేవుని కుమారునిగా, రక్షకునిగా నమ్ముతారు. క్రిస్మస్, ఈస్టర్ జరుపుకుంటారు. ఆదివారం ఆరాధనలో రొట్టె, నీరు పుచ్చుకుంటారు.

విభేదం సిద్ధాంతంలో ఉంది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దైవమన్న నైసీయా విశ్వాస ప్రమాణాన్ని ప్రధాన క్రైస్తవ శాఖలు అంగీకరిస్తాయి. వీరి దృష్టిలో ఆ ముగ్గురూ వేర్వేరు వ్యక్తులు, సంకల్పంలో మాత్రమే ఒక్కటి. బైబిలుతో దైవవాక్కు ముగిసిపోలేదని, తమ సంఘాధ్యక్షుడు నేటి ప్రవక్త అని కూడా వీరు నమ్ముతారు. ఈ కారణాల వల్ల ఈ సంఘం ఇచ్చే బాప్తిస్మం చెల్లదని కాథలిక్ సంఘం 2001లో ప్రకటించింది. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు 'క్రైస్తవం' అన్న మాటకు చెప్పుకునే నిర్వచనాన్ని బట్టి మారుతుంది.

బహుభార్యత్వం ఇప్పటికీ ఉందా?

లేదు. 19వ శతాబ్దంలో అది ఉండేదన్నది వాస్తవం. సంఘం 1852లో దానిని బాహాటంగా ప్రకటించింది. అమెరికా ప్రభుత్వ చట్టాల ఒత్తిడి నడుమ 1890లో అప్పటి అధ్యక్షుడు విల్‌ఫర్డ్ వుడ్రఫ్ ఆ ఆచారాన్ని విరమిస్తూ ప్రకటన చేశారు. 1904 తర్వాత అలాంటి వివాహం చేసుకున్నవారిని బహిష్కరించడం మొదలైంది. నేడు వార్తల్లో కనిపించే బహుభార్యత్వ బృందాలు ప్రధాన సంఘం నుంచి విడిపోయినవి. వాటితో తమకు సంబంధం లేదని సంఘం స్పష్టం చేస్తోంది.

మరో చారిత్రక వివాదం జాతి వివక్షకు సంబంధించినది. ఆఫ్రికా మూలాలున్న పురుషులకు యాజకత్వం ఇవ్వరాదన్న నిషేధం 1978 జూన్ వరకు అమలైంది. భారతీయులు ఆ నిషేధం పరిధిలోకి రాలేదు.

భారతదేశానికి ఎప్పుడు వచ్చారు?

1851లోనే తొలి మిషనరీ కలకత్తాలో అడుగుపెట్టాడు. 1853లో మరికొందరు వచ్చారు. వారిలో రిచర్డ్ బాలంటైన్ మద్రాసు చేరి, అక్కడ ఒక చిన్న పత్రికను కూడా నడిపాడు. చేరినవారిలో ఎక్కువమంది బ్రిటిష్ సైనికులు, ఐరోపా మూలాలవారు. బహుభార్యత్వ ప్రకటన అప్పటికే పత్రికలకెక్కడంతో వ్యతిరేకత పెరిగింది. కొద్ది ఏళ్లలోనే మిషనరీలు వెనుదిరిగారు. ఆ తర్వాత శతాబ్దానికి పైగా దేశంలో చెప్పుకోదగిన కార్యకలాపాలు సాగలేదు.

తెలుగువారితో అనుబంధం ఏమిటి?

రెండో ఆరంభం విదేశీ మిషనరీలతో కాక ఒక తెలుగు కుటుంబంతో జరిగింది. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవాలో ఉండగా ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో ప్రత్యేక మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు. వారి బంధువుల్లో 22 మంది అప్పుడు బాప్తిస్మం పొందారు. ఎల్సీ తండ్రి పి.శ్రీనివాసం బాప్టిస్టు బోధకుడు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించింది ఆయనే.

1993లో బెంగళూరు కేంద్రంగా, 2007లో న్యూఢిల్లీ కేంద్రంగా మిషన్లు ఏర్పడ్డాయి. కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పాలనా విభాగాన్ని వీరు 'స్టేక్' అంటారు. స్థానిక నాయకత్వం తన కాళ్లపై తాను నిలబడిందనడానికి అది గుర్తు. దేశంలో మొదటి స్టేక్ 2012 మే 27న హైదరాబాద్‌లో ఏర్పడింది. దానిని ప్రారంభించిన డాలిన్ హెచ్.ఓక్స్ 2025లో సంఘాధ్యక్షుడయ్యారు. న్యూఢిల్లీలో 2015లో స్టేక్ ఏర్పాటైంది. రాజమహేంద్రవరంలోనూ స్టేక్ ఉంది. బెంగళూరులో దేశంలోని తొలి దేవాలయాన్ని నిర్మించనున్నట్లు 2018లో సంఘం ప్రకటించింది. 2020 డిసెంబరులో దానికి భూమిపూజ జరిగింది.

నిత్యజీవితంలో నియమాలేమిటి?

మద్యం, పొగాకుతో పాటు టీ, కాఫీ కూడా నిషిద్ధం. ఇంటికి వచ్చినవారికి టీ ఇవ్వడం మర్యాదగా భావించే మన సమాజంలో ఎక్కువగా వివరణ ఇచ్చుకోవలసి వచ్చే నియమం ఇదే. ఆదాయంలో పదో వంతు దశమభాగంగా ఇస్తారు. సాధారణంగా నెలలో మొదటి ఆదివారం ఉపవాసం ఉంటారు. శిశువులకు బాప్తిస్మం ఇవ్వరు. దానికి కనీస వయసు ఎనిమిదేళ్లు. స్థానిక సంఘాల పెద్దలకు జీతాలుండవు. వారు వేరే ఉద్యోగాలు చేసుకుంటూనే ఆ బాధ్యత నిర్వహిస్తారు. యువకులు రెండేళ్లు, యువతులు ఏడాదిన్నర మిషనరీ సేవ చేస్తారు.

మరణించినవారికీ బాప్తిస్మం ఇస్తారా?

సజీవుడైన సభ్యుడు మరణించిన వ్యక్తి తరఫున బాప్తిస్మం పొందే ఆచారం ఉంది. ఇది దేవాలయాల్లో మాత్రమే జరుగుతుంది. దానిని స్వీకరించడమా, తిరస్కరించడమా అన్నది ఆ ఆత్మ ఇష్టమేనని, మృతులను సభ్యుల లెక్కలో చేర్చబోమని సంఘం చెబుతుంది. అయినా మృతుల మతాన్ని వారి అనుమతి లేకుండా తాకడమే అభ్యంతరకరమని విమర్శకులు అంటారు. నాజీల చేతిలో హతులైన యూదుల పేర్లు వాడటంపై నిరసన రావడంతో 1995లో సంఘం యూదు సంస్థలతో ఒప్పందానికి వచ్చింది. మహాత్మా గాంధీ పేరిట కూడా ఈ కర్మ జరిగిందన్న వార్తలు 2012లో రావడంతో హిందూ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. సొంత పూర్వికుల పేర్లే సమర్పించాలన్నది సంఘ నిబంధన.

భారత చట్టాలు ఏం చెబుతున్నాయి?

రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇస్తుంది. అయితే ప్రచార హక్కు అంటే ఇతరులను మతం మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆపై రాష్ట్రాల చట్టాలున్నాయి. జాతీయ రాజధాని ప్రాంతమే దీనికి చక్కని ఉదాహరణ. ఢిల్లీలో మతమార్పిడి నిరోధక చట్టం లేదు. నోయిడా, ఘాజియాబాద్‌లకు ఉత్తరప్రదేశ్ 2021 చట్టం, గురుగ్రామ్, ఫరీదాబాద్‌లకు హరియాణా 2022 చట్టం వర్తిస్తాయి. ఉత్తరప్రదేశ్‌లో మతం మారదలచిన వ్యక్తి 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. అంటే ఒకే నిర్ణయం యమునకు ఈవల వ్యక్తిగత విషయం కాగా, ఆవల నోయిడాలో అధికారుల విచారణకు లోబడుతుంది.

కుటుంబాలకు మరింత బరువైనది కులధ్రువీకరణ అంశం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తదుపరి సవరణల ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డ్ కులాల హోదాకు అర్హులు. ఈ సంఘంలో చేరిన దళితుడు ఆ హోదాను కోల్పోతాడు. క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాలవారిని ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సీ వర్గంలో చేర్చారు. ఇతర క్రైస్తవ శాఖలు వీరిని తమవారిగా ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా షెడ్యూల్డ్ కులాల హోదా విషయంలో ఫలితం మారదు.

మరి ఏమని పిలవాలి?

తెలుగులో అధికారిక నామం 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము'. ఇక్కడ 'పరిశుద్ధులు' అంటే మహిమలు చూపిన పునీతులని కాదు. తెలుగు బైబిలులోని పౌలు లేఖల్లో వలె సామాన్య విశ్వాసులని అర్థం. 'మోర్మన్' అన్నది తమ గ్రంథంలోని ఒక ప్రవక్త పేరు. మొదట విమర్శకులు తగిలించిన ఈ పేరును సభ్యులు చాలాకాలం తామూ వాడుకున్నారు. అయితే క్రీస్తు పేరు మరుగున పడుతోందంటూ 2018లో అప్పటి అధ్యక్షుడు రస్సెల్ ఎం.నెల్సన్ దానిని మానుకోవాలని కోరారు. వార్తా రచనలో మొదటి ప్రస్తావనలో పూర్తి పేరు, తర్వాత 'సంఘం', 'సభ్యులు' అనడం వారి కోరికకు దగ్గరగా ఉంటుంది. గ్రంథం పేరులోను, చరిత్రను చెప్పేటప్పుడు 'మోర్మన్' వాడుకకు వారికీ అభ్యంతరం లేదు.