తిరిగి వస్తామన్న రుజువు: తెనాలి, బాపట్ల, రేపల్లె కుటుంబాలు – అమెరికా వీసా

కృష్ణా పశ్చిమ డెల్టాలో అమెరికా వీసా మాటలన్నీ ఇంటర్వ్యూ చుట్టూనే తిరుగుతాయి: స్లాట్ దొరికిందా, ఆఫీసరు ఏమడిగాడు, ఎందుకు రిజెక్ట్ చేశాడు. ఆ రెండు మూడు నిమిషాలను నడిపించే సూత్రం 1952 నాటి ఇమ్మిగ్రేషన్ అండ్ నేషనాలిటీ చట్టంలో ఉంది. 214(బి) సెక్షన్ ప్రకారం విద్యార్థి వీసా, సందర్శక వీసా అడిగేవారందరినీ ముందుగా అక్కడే స్థిరపడబోయేవారిగానే ఎంచాలి. కాదని ఆఫీసరును నమ్మించే భారం దరఖాస్తుదారుడిదే. హెచ్-1బి ఉద్యోగ వీసా అడిగేవారిని 1990 చట్టం ఈ భారం నుంచి తప్పించింది. ఆ ఉద్యోగి తల్లిదండ్రులకు మాత్రం మినహాయింపు లేదు. ఈ వ్యాసం ముఖ్యంగా వారి గురించే.

చరిత్ర క్లుప్తంగా. 1922లో బోస్టన్ చేరిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు వంటివారికి అక్కడి పౌరసత్వం పొందే దారి 1946 దాకా లేదు. ఆ ఏడాది దారి తెరిచినా భారత్‌కు దక్కిన వలస కోటా ఏటా వంద మాత్రమే. 1965లో జాతీయతలవారీ కోటాలు పోయి వృత్తి నిపుణులకు ప్రాధాన్యం రావడంతో గుంటూరు వైద్య కళాశాలలో చదివిన డాక్టర్లు చాలామంది వెళ్లారు. 1976లో విదేశీ వైద్యులపై ఆంక్షలు బిగిశాయి. 1990లో హెచ్-1బి వచ్చేనాటికి, 1981లో మొదలైన బాపట్ల ఇంజినీరింగ్ కళాశాల వంటివి పట్టభద్రులను తయారుచేస్తున్నాయి. డెల్టా పిల్లలు ఏ చదువు చదవాలన్నది నిర్ణయించడంలో ఇంటి పెద్దలకంటే వాషింగ్టన్ చట్టాలకే ఎక్కువ పాత్ర ఉందని నా అభిప్రాయం.

ఇక రుజువు సంగతి. స్వదేశంతో బంధాన్ని చూపడానికి కుటుంబాలు చార్టర్డ్ అకౌంటెంట్ చేత ఆస్తుల విలువ సర్టిఫికెట్ రాయించుకుంటాయి. అందులో మొదటి వరుస పొలానిదే. కానీ తనఖా ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకులకు వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు కనుక, పిల్లల విద్యారుణానికి పొలాన్ని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు సాధారణంగా వెనకాడతాయి. ఇల్లో స్థలమో తనఖా పెట్టినా తక్కువపడిన డబ్బుకు పొలం అమ్మక తప్పదు. కొడుకును పంపడానికి అమ్మిన ఎకరం, రేపు తండ్రి వీసా అడిగినప్పుడు చూపించుకోవడానికి ఉండదు.

అసలు చిక్కు కౌలు రైతుది. ఇక్కడ కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందానికి వీలు కల్పించినా, దానికి యజమాని సంతకం కావాలి. చాలామంది యజమానులు సంతకం పెట్టడానికి జంకుతారు. సార్వా వరి, ఆపై మినుము పండించుకునే మనిషికి ఊరు వదిలి ఉండాలన్న ఆలోచనే రాదు. అయినా ఆ సంగతి చెప్పే కాగితం ఒక్కటీ అతని చేతిలో ఉండదు. ఊళ్లో లోతుగా వేళ్లూనినవారికే రుజువులు తక్కువ. పట్నంలో జీతగాడికి పే స్లిప్పులుంటాయి, ఐటీ రిటర్నులుంటాయి.

తల్లుల విషయం ఇంకా బాధాకరం. కూతురికి పురుడు పోయడానికి వెళ్లే రేపల్లె గృహిణి పేరున తరచు పొలమూ ఉండదు, జీతమూ ఉండదు. కూతురు అక్కడ ఉండటమే అనుమానానికి కారణం కావచ్చు. వీసా సాధారణంగా పదేళ్లకు ఇస్తారు, కానీ అది విమానం దిగి తలుపు తట్టడానికి మాత్రమే అనుమతి. ఎన్నాళ్లుండాలో అక్కడి విమానాశ్రయంలోని అధికారి ఐ-94 అనే ప్రవేశ పత్రంలో నిర్ణయిస్తాడు. మామూలుగా అది ఆరు నెలలు. అందుకే ఆమె తిరిగొచ్చే వేళకు వియ్యపురాలు బయలుదేరేలా కుటుంబాలు వంతులు వేసుకుంటాయి. మనవరాలి తొలి ఏడాది పెంపకం ఇలా వీసా గడువుల లెక్కన సాగుతుంది.

2008లో హైదరాబాద్‌లో తెరిచిన అమెరికా కాన్సులేట్ వీసాలివ్వడం మొదలుపెట్టాక చెన్నై ప్రయాణం తప్పింది. తిరస్కరణ పద్ధతి మాత్రం మారలేదు. 214(బి) కింద కాదంటే అప్పీలు లేదు, మళ్లీ రుసుము కట్టి దరఖాస్తు చేసుకోవాల్సిందే. దేశం విడిచి వెళ్లే హక్కు వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1967లో సత్వంత్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. పరదేశంలో అడుగుపెట్టే హక్కు అలాంటిది కాదని ఒప్పుకుంటాను. కానీ తిరస్కరణ కాగితం అందరికీ ఒకే అచ్చు మూసలో ఉండనక్కరలేదు. ఏ బంధం చాలలేదో, ఏ కాగితం నమ్మకం కలిగించలేదో ఒక్క వాక్యంలో రాసిస్తే, తెనాలిలోని తల్లి మరుసటిసారి ఏం పట్టుకెళ్లాలో తెలుసుకుంటుంది.