డప్పు మనది, కబురు ఎవరిది?

పత్రికలు రాకముందు ఊరికి వార్త లేదా? ఉంది. అది డప్పు మీద వచ్చేది.

మేడ్చల్ పక్కన నాగపూర్ రోడ్డు మీద ఉన్న అత్వెల్లి నిజాం కాలంలో అత్రాఫ్ బల్దా జిల్లాలోని పల్లె. అట్లాంటి తెలంగాణ పల్లెల్లో సర్కారు హుకుం వచ్చినా, శిస్తు గడువు దగ్గరపడినా మాదిగ డప్పు కొట్టి సాటింపు చెయ్యాలె. ఎవరన్న చస్తే చుట్టాల ఊర్లకు చావుకబురు మోసుడు కూడా వెట్టి చాకిరే. ఎండనక వాననక నడిచిపోవాలె. ఊరి వార్త మోసింది మనవాళ్ళే. కానీ అందులో ఒక్క మాట కూడా మనది కాదు. హుకుం పటేలుది, గొంతు మాదిగది.

పత్రికల చరిత్ర రాసేవాళ్ళు తెలంగాణకు 1926 నాటి గోలకొండ పత్రికను గొప్పగా చెప్తారు. వందలో పదిమందికైనా చదువురాని రాజ్యంలో అచ్చు కాగితం వెలివాడ దాకా ఎట్లా వస్తది? భాగ్యరెడ్డివర్మకు ఈ సంగతి తెలుసు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో జనంలోకి పోయిండు. 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చిండు. కబురు మోసే జాతి తన కబురు తానే చెప్పుకునే ప్రయత్నం అది.

చదువురానోళ్ళు ఏది చెప్పినా నమ్ముతారనడం చదువుకున్నోళ్ళ అహంకారం. ఇంకొకరి కబురు మోసినోనికి దాని లోగుట్టు తెలుస్తది. ఎవరు పంపిండ్రు? ఎవరికి లాభం? చెప్పేటోడు కండ్లతో చూసిండా, విన్నడా? వార్తను తూచడానికి ఈ మూడు ప్రశ్నలు చాలు.

ఈ ప్రశ్నల విలువేమిటో కోస్తాలో కారంచేడు చూపించింది. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు మాదిగలను చంపారు. బతికినవాళ్ళు చీరాలకు చేరి శిబిరంలో ఉన్నారు. అక్కడ చూసిన కళ్ళే మాట్లాడాయి. చంపినవాణ్ణీ చచ్చినవాణ్ణీ ఒకే తక్కెట్లో పెట్టే 'ఘర్షణ' అనే మాట ఆ సాక్ష్యం ముందు నిలవదు. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. కీలక సాక్షి దుడ్డు అలీసమ్మ తర్వాత హత్యకు గురైంది. చూసింది చెప్పినందుకు మనవాళ్ళు కట్టే ధర ఇది.

మరి వార్త రాసే కుర్చీలో ఎవరున్నారు? 1996లో బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో గుర్తింపు పొందిన విలేకరుల్లో దళితుని కోసం వెతికితే ఒక్కరూ దొరకలేదు. అంతకు రెండేళ్ళ ముందే, 1994 జూలై 7న ఈదుమూడిలో మొదలైన ఉద్యమం తన పేరే 'దండోరా' అని పెట్టుకుంది. వెట్టి డప్పు హక్కుల డప్పయింది.

2018లో పిల్లలనెత్తుకపోయేటోళ్ళు తిరుగుతున్నరని వాట్సాప్‌లో పుకార్లు లేచి తెలంగాణలో అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పుడు గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్ళల్లో పాటగాళ్ళతో, డప్పులతో పుకార్లను నమ్మొద్దని చెప్పించారు. ఫోను ఆర్పలేని మంటను ఆర్పడానికి మళ్ళీ డప్పే కావాల్సొచ్చింది. మంచిదే. అయినా ఆ కబురు కూడా సర్కారుదే.

అందుకే విద్యార్థి మిత్రులకు మేం చెప్పేదొకటే. అత్వెల్లికైనా, మీ ఊరికైనా పోయినప్పుడు ముందు వాడలోకి పోండి. సాటింపు చేసిన పెద్దమనిషి పక్కన కూచోండి. ఆయన ఏం మోసిండో రాసుకోండి. ఏం చెప్పనీయలేదో తప్పకుండా అడగండి. మన చరిత్ర ఆ రెండో జవాబులో ఉంది.