వికాస్ దొరాసూ: కొరంగి కూలీల వారసుడు ప్రపంచ కప్ దాకా ఎలా వెళ్లాడు?

2006 జూలై 9న బెర్లిన్‌లో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్ అనగానే మన ఇళ్లలో చాలామందికి జినెదిన్ జిదాన్ గుర్తొస్తాడు. ఇటలీ ఆటగాడి ఛాతీ మీద తలతో కొట్టి, రెడ్ కార్డు తీసుకుని, కప్పు పక్కనుంచే తలొంచుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు ఫ్రాన్స్ జట్టులో మైదానంలోకి దిగని ఇంకో ఆటగాడు ఉన్నాడు. వయసు 32 ఏళ్లు, మిడ్‌ఫీల్డర్. పూర్తి పేరు వికాస్ రావు దొరాసూ. పేరు మధ్యలో ఆ 'రావు' ఊరికే రాలేదు. అతని పూర్వీకులు మారిషస్‌కు వలస వెళ్లిన తెలుగువాళ్లు.

భారత జట్టు ఇంతవరకూ ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ కూడా ఆడలేదు. రహీం సాబ్ కోచింగ్‌లో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన జట్టులో హైదరాబాద్ కుర్రాళ్లు ఎంతమందో ఉన్నారు, అయినా ప్రపంచ కప్ మాత్రం మనకు అందలేదు. తెలుగు మూలాలున్న ఒక మనిషి ఆ మైదానంలో అడుగుపెట్టింది ఫ్రాన్స్ నీలి జెర్సీలో. ఆ కుటుంబం అక్కడిదాకా ఎలా చేరిందో తెలియాలంటే దాదాపు రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1832లో వానలు పడలేదు. ఇప్పుడు రాజధాని కడుతున్న తుళ్లూరు, దాని చుట్టూ పత్తి, మిర్చి పండే గుంటూరు సీమ అంతా ఎండిపోయింది. అది నందన నామ సంవత్సరం. అందుకే నందన కరువు అన్నారు. ఎక్కడ చూసినా జనం డొక్కలెండి కనిపించారు కాబట్టి డొక్కల కరువు అని కూడా అన్నారు. చనిపోయినవాళ్లను లక్షల్లో లెక్కపెట్టాల్సి వచ్చింది. అప్పటికి కృష్ణా మీద ఆనకట్ట లేదు, అది 1855లో గానీ పూర్తికాలేదు. ఆ దెబ్బ నుంచి తీరం ఇంకా తేరుకోకముందే 1839 నవంబరులో తుపాను వచ్చి కాకినాడ దగ్గరి కొరంగి రేవును ముంచేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మారిషస్‌లో చెరకు తోటల యజమానులకు మనుషులు కావలసి వచ్చారు. బ్రిటిష్ వాళ్లు 1835లో అక్కడ బానిసత్వాన్ని రద్దు చేశారు. దాంతో తోటల్లో పనికి భారతదేశం నుంచి కూలీలను ఒప్పందం మీద తెప్పించుకోవడం మొదలైంది. తొలి గుంపు 1834 నవంబరు 2న పోర్ట్ లూయీ రేవులో దిగింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో దాదాపు అయిదు లక్షల మంది ఆ దారిన వెళ్లారు. అందులో తెలుగువాళ్లు విశాఖపట్నం, కొరంగి, మద్రాసు రేవుల నుంచి ఓడ ఎక్కారు. 1843లో కొరంగి నుంచి బయల్దేరిన ఓడ పేరే 'కొరంగా పాకెట్'. అందుకే మారిషస్‌లో తెలుగువాళ్లకు 'కొరంగీలు' అని పేరు పడింది. బర్మాలో కూడా మనవాళ్లను ఇదే పేరుతో పిలిచేవారు.

వీళ్లను శరణార్థులు అనొచ్చా? చట్టం ప్రకారం కాదు. 1951 ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం మతం, జాతి, రాజకీయ అభిప్రాయం లాంటి కారణాలతో వేధింపులకు భయపడి దేశం దాటినవాళ్లే శరణార్థులు. ఆకలికి భయపడి పారిపోయినవాడికి ఆ పేరు రాదు. వేలిముద్ర వేసి ఓడ ఎక్కినవాడిని 'ఇష్టపడి వెళ్లాడు' అనే రాసుకున్నారు. పొయ్యి వెలగని ఇంట్లో ఇష్టం అనే మాటకు ఎంత విలువుంటుందో చదివేవాళ్లే ఆలోచించుకోవాలి.

మారిషస్‌లో ఈ కుటుంబాలు భాషనైతే పూర్తిగా వదులుకోలేదు. అక్కడ ఉగాదికీ సెలవే, ఈదుల్ ఫిత్ర్‌కీ సెలవే. ప్రభుత్వ బడుల్లో పిల్లలు కోరుకుంటే తెలుగు నేర్చుకోవచ్చు, ఉర్దూ నేర్చుకోవచ్చు. మన దగ్గర ఒకే బడిలో ఈ రెండూ దొరకాలంటే ఎంత తిరగాలో తల్లిదండ్రులకు తెలుసు. జనాభాలో ముస్లింలు దాదాపు 17 శాతం. వాళ్లలో చాలామంది పూర్వీకులు కూడా ఇలా కూలి ఒప్పందం మీద వచ్చినవాళ్లే.

దొరాసూ కుటుంబం మళ్లీ ఇంకో వలస చేసింది. మారిషస్ నుంచి ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని ల ఆవ్ర్ ఓడరేవు ప్రాంతానికి చేరింది. ఆ పక్కనే ఉన్న ఆర్‌ఫ్లర్‌లో 1973 అక్టోబరు 10న వికాస్ పుట్టాడు. పెరిగింది కార్మికుల ఇళ్ల మధ్య. ల ఆవ్ర్ క్లబ్‌లోనే ఆట నేర్చుకుని 1993లో ప్రొఫెషనల్ అయ్యాడు. మనిషి ఎత్తు తక్కువ, బక్కపలుచన. అతని బలమంతా పాస్‌లోనే ఉండేది. గోల్ కొట్టేవాడికి బంతి అందించే రకం. ఇలాంటివాళ్ల పేర్లు పేపర్లో తక్కువ పడతాయి.

1998లో పెద్ద క్లబ్ లియోన్‌కు వెళ్లాడు. మధ్యలో ఒక సీజన్ బోర్డోకు లోన్ మీద ఆడాడు. తిరిగొచ్చాక 2003, 2004లో వరసగా లియోన్ ఫ్రెంచ్ లీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 2004లో ఇటలీకి చెందిన ఏసీ మిలాన్ తీసుకుంది. అక్కడ పిర్లో, సీడోర్ఫ్, కకా లాంటివాళ్లు ఉంటే మిడ్‌ఫీల్డ్‌లో చోటు ఎక్కడ దొరుకుతుంది? 2005 మేలో ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్‌తో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లోనూ బెంచ్ మీదే ఉన్నాడు. మూడు గోల్స్ ఆధిక్యంలో ఉండి మిలాన్ ఓడిపోయిన మ్యాచ్ అది.

ఆ తర్వాత పారిస్ సాంజెర్మా, అంటే పీఎస్‌జీ. అక్కడే అతని కెరీర్‌లో అన్నిటికన్నా పెద్ద రోజు వచ్చింది. 2006 ఏప్రిల్ 29న ఫ్రెంచ్ కప్ ఫైనల్, ఎదురుగా బద్ధశత్రువు మార్సే. రెండో సగం మొదలైన కాసేపటికే దొరాసూ దూరం నుంచి కొట్టిన షాట్ నెట్‌లో పడింది. పీఎస్‌జీ 2-1తో గెలిచింది. ఎప్పుడూ పాస్ ఇచ్చేవాడే ఆ రోజు గెలుపు గోల్ కొట్టాడు.

జాతీయ జట్టుకు తొలిసారి 1999లో ఆడినా, అయిదేళ్ల పాటు మళ్లీ పెద్దగా పిలుపు రాలేదు. కోచ్ రేమండ్ డొమెనెక్ వచ్చాక 2004 నుంచి చోటు దొరికింది. మొత్తం 18 మ్యాచ్‌లు, ఒక గోల్. ఆ ఒక్క గోల్ 2005 అక్టోబరులో సైప్రస్ మీద ప్రపంచ కప్ క్వాలిఫైయర్‌లో కొట్టాడు.

2006 టోర్నీలో అతను దిగింది రెండు మ్యాచ్‌ల్లో, అదీ ఆట చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా. టోర్నీకి వెళ్లేముందు సినిమా దర్శకుడైన స్నేహితుడు ఫ్రెడ్ పూలే ఒక చిన్న సూపర్-8 కెమెరా చేతికిచ్చాడు. హోటల్ గదులు, కిటికీలు, ఎదురుచూపులు అన్నీ దొరాసూ దాంతో తీశాడు. 'సబ్‌స్టిట్యూట్' పేరుతో ఆ సినిమా 2007లో బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆడింది. బెంచ్ మీద కూర్చున్నవాడి కళ్లతో ప్రపంచ కప్పును చూపించిన సినిమా అంతకుముందు ఉందో లేదో కానీ, ఇలాంటిది చేయడానికి ధైర్యం కావాలి. జట్టులో ఉన్నందుకు సంతోషించు, మాట్లాడకు అనేదే అక్కడి పద్ధతి.

అదే వేసవిలో ఫ్రాన్స్ రాజకీయ నాయకుడు జాన్ మరీ ల పెన్, జట్టులో రంగున్న ఆటగాళ్లు ఎక్కువైపోయారని, ఫ్రెంచ్ జనం తమను ఆ జట్టులో చూసుకోలేకపోతున్నారని అన్నాడు. గ్వాడెలూప్‌లో పుట్టిన డిఫెండర్ లిలియన్ తురామ్ వెంటనే గట్టిగా జవాబిచ్చాడు. కెప్టెన్ జిదాన్ తండ్రి అల్జీరియా నుంచి కూలిపనికి వచ్చినవాడే. గెలిచినప్పుడు ఫ్రెంచ్ వాళ్లు, ఓడితే వలసవాళ్లు. ఈ లెక్క ఒక్క ఫ్రాన్స్‌కే పరిమితం కాదు. ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ రోజున మన పిల్లలకు ఎదురయ్యే ప్రశ్నలు కూడా ఇలాంటివే.

ఫ్రాన్స్ జట్టులోకి నిజమైన శరణార్థి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. అంగోలా యుద్ధం నుంచి పారిపోతున్న తల్లిదండ్రులకు రియో మావుబా 1984లో సముద్రం మీద, పడవలోనే పుట్టాడు. ఎడువార్డో కమవింగా 2002లో అంగోలాలోని శరణార్థి శిబిరంలో పుట్టి, 2022 ప్రపంచ కప్ ఫైనల్ ఆడాడు.

దొరాసూ కెరీర్ మాత్రం ప్రపంచ కప్ తర్వాత త్వరగా ముగిసింది. ఒక పత్రిక ఇంటర్వ్యూలో పీఎస్‌జీ కోచ్ గీ లకోంబ్‌ను విమర్శించడంతో 2006 అక్టోబరులో క్లబ్ అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. ఫ్రెంచ్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో ఆటగాడిని ఇలా తొలగించడం చాలా అరుదు. మరుసటేడాది ఇటలీలో లివోర్నోతో ఒప్పందం కుదిరినా, ఒక్క లీగ్ మ్యాచ్ ఆడకుండానే అదీ తెగిపోయింది. 2008 మొదట్లో ఆట వదిలేశాడు.

నోరు మాత్రం మూయలేదు. స్టేడియాల్లో జాతి వివక్ష మీద, స్వలింగ సంపర్కుల పట్ల ద్వేషం మీద మాట్లాడుతూ వచ్చాడు. కొన్నాళ్లు పోకర్ పోటీల్లో ఆడాడు, ఆ పని మన పాఠకులకు నచ్చదనుకోండి. 2017లో తన కథ పుస్తకంగా రాశాడు. 2020 పారిస్ మున్సిపల్ ఎన్నికల్లో వామపక్ష జాబితా తరఫున నిలబడ్డాడు. గెలవలేదు.