దాగు, దాచు

రాజకీయ కార్యకర్త పోలీసుల కంట పడకుండా తిరిగితే అతడు అజ్ఞాతవాసంలో వున్నాడంటాం. ఈ మాట మనకు మహాభారతం ఇచ్చింది. పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో వున్న తిక్కన తన భారత రచనను విరాటపర్వంతో, అంటే పాండవులు దాగిన ఏడాది కథతోనే ప్రారంభించాడు. అందుచేత నెల్లూరి వాళ్ళకు ఈ మాట మీద కాస్త అభిమానం వుండటం సహజం. అయితే అభిమానం వున్న మాటనే మనం ఎక్కువ పరీక్షించాలి.

ఇతర భాషలను చూడండి. ఇంగ్లీషు ‘అండర్‌గ్రౌండ్’ అంటే నేలకింద. రష్యన్ ‘పద్‌పోల్యె’ అంటే ఇంటి నేలచెక్కల కింద. రెండవ ప్రపంచ యుద్ధంలో నాజీలను ఎదిరించిన ఫ్రెంచి గెరిల్లాల పేరు ‘మాకీ’. అది కార్సికా దీవిలో గుబురుగా పెరిగే పొదల పేరు. ఇవన్నీ దాగిన చోటును చెబుతున్నాయి. మన మాట చోటు చెప్పదు. దాగినవాడు మారువేషంలో వున్న రాజనీ, గడువు తీరగానే తన అసలు పేరుతో వెలుగులోకి వస్తాడనీ స్ఫురింపజేస్తుంది. అందులో గౌరవం వుంది.

అదే పని పేదవాడు చేస్తే ఈ గౌరవం దక్కదు. 1871లో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేసింది. చట్టం కింద నమోదైనవాడు వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచిన వేళకు హాజరు చెప్పాలి, అనుమతి చీటీ లేనిదే వూరు దాటరాదు. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను ఎరుకలవారి కోసం నడిపిన సెటిల్‌మెంటు ఈ ఏర్పాటులో భాగమే. తీరప్రాంతపు యానాదులకూ ఈ చట్టం దెబ్బ తగిలింది. వారి తరఫున వెన్నెలకంటి రాఘవయ్య ఏళ్ళ తరబడి పోరాడాడు. ఇటువంటి నిర్బంధంలో వున్న మనిషి చీటీ లేకుండా చుట్టాలను చూడబోయినా సర్కారు లెక్కలో ‘పరారీ’. ఫార్సీ నుంచి కచేరీల ద్వారా మనకు వచ్చిన మాట అది. పాండవుల అజ్ఞాతవాసానికి ఏడాది గడువు. ఇతనికి గడువు లేదు, ఎందుకంటే నేరం అతని పుట్టుకలోనే వున్నదన్నారు. ఆ చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. ‘పరారీ’ మాత్రం రద్దు కాలేదు.

ఇక మన ఉద్యమానికి వద్దాం. కమ్యూనిస్టు పార్టీ 1934 నుంచి 1942 దాకా నిషేధంలో వుంది. 1948లో నిర్బంధం మళ్ళీ విరుచుకుపడింది. నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913లో భూస్వామి కుటుంబాన పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1948 నుంచి 1952 దాకా రహస్య జీవితం గడిపాడు. ఆ కాలంలో కార్యకర్తల నోట యూజీ, కొరియర్, డెన్ వంటి మాటలు పడ్డాయి. ఇంగ్లీషులో డెన్ అంటే మృగం పడుకునే గుహ. మనవాళ్ళకు అది సాధారణమైన ఇల్లు. కాని ఆ ఇల్లు ఇరుగుపొరుగు కళ్ళకు సంసారంలా కనబడాలంటే అందులో ఆడమనిషి వుండి తీరాలి. వండిపెట్టి, పక్కింటివాళ్ళ ప్రశ్నలకు జవాబు చెప్పి, అర్ధరాత్రి మూట కట్టుకుని మరో ఇంటికి మారిన స్త్రీల అనుభవాలు 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో వున్నాయి. అవి తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీలు స్వయంగా చెప్పినవి. 1951లో పోరాటం విరమించాక ఇళ్ళకు పొమ్మంటే కలిగిన బాధను కూడా వారు దాచుకోలేదు.

ఇక్కడ మన వ్యాకరణం ఒక సత్యం చెబుతున్నది. వంగు–వంచు, మునుగు–ముంచు వంటి జంటే దాగు–దాచు. మొదటిది తనంతట జరిగేది, రెండవది మరొకరు జరిపించేది. దాచేవారు లేనిదే నాలుగేళ్ళు దాగటం ఎవరికీ సాధ్యం కాదు. అజ్ఞాతవాసం అన్న మాటలో దాగు వున్నది, దాచు లేదు. విరాటపర్వంలోనూ అంతే. గుట్టు బయటపడకూడదని ధర్మరాజు నిండుకొలువులో ఓర్చుకున్నాడు. కీచకుడి కాలితన్ను తిన్నది సైరంధ్రి. ఆ గుట్టుకు మూల్యం చెల్లించింది ఆమె. అయినా అజ్ఞాతవాసం పాండవులదే అంటున్నాం.

నాయకుల త్యాగం తక్కువదని నా వాదన కాదు. రాజుల కథలు రాసిన చరిత్రకారులను విమర్శించిన మనం, మన ఉద్యమ చరిత్రను మాత్రం మారువేషంలోని వీరుల కథగా రాసుకున్నాం. అన్నం పెట్టిన ఇల్లూ, దెబ్బలు తిని కూడా పేరు చెప్పని పాలేరూ అందులో ఒక వాక్యమైనా పొందలేదు. పోలీసు రికార్డు వాళ్ళ పేరు ఎక్కిస్తే నేరస్థుల పట్టికలో ఎక్కించింది. మన రికార్డు అసలు ఎక్కించలేదు.

విద్యార్థి మిత్రులు తమ వూరి చరిత్ర సేకరించబోతే, అక్కడ ఎవరు దాగారని అడిగి వూరుకోవద్దు. ఎవరు దాచారో, తరువాత వాళ్ళేమయ్యారో అడగండి. చెప్పగలిగినవారు చాలామంది ఇప్పటికే వెళ్ళిపోయారు. మిగిలినవారి పిల్లల దగ్గరికైనా వెంటనే వెళ్ళాలి.