డిసెంబరు 7: సైనికుల రుణం తీర్చుకొనే రోజు
1949 నుంచి సాయుధ దళాల పతాక దినోత్సవం

తాడేపల్లిగూడెం: ఏటా డిసెంబరు 7న విద్యార్థులు, ఎన్‌సీసీ క్యాడెట్లు హుండీలు చేతబట్టి, చొక్కా జేబులకు చిన్న కాగితపు జెండాలు అతికిస్తూ కనిపిస్తారు. హుండీలో పదో పరకో వేసి ముందుకు సాగిపోయేవారే ఎక్కువ. ఆ జెండా వెనక ఏడు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. సైన్యం నుంచి తిరిగివచ్చిన వారి కుటుంబాలకు అందే ఆసరా ఉంది.

ఆవిర్భావం ఇలా...
మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరు 11న ముగిసింది. ఆ యుద్ధంలో 74 వేల మందికి పైగా భారతీయ సైనికులు ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృత్యర్థం ఢిల్లీలో నిర్మించిన ఇండియా గేట్ 1931లో పూర్తయింది. బ్రిటిష్ పాలనలో నవంబరు 11నే సంస్మరణ దినంగా పాటించేవారు. స్వాతంత్ర్యం వచ్చాక మన సైనికుల కోసం మనదైన రోజు ఉండాలన్న ఆలోచన బలపడింది. రక్షణ మంత్రి ఆధ్వర్యంలోని కమిటీ 1949 ఆగస్టు 28న సమావేశమై, ఏటా డిసెంబరు 7ను పతాక దినంగా పాటించాలని నిర్ణయించింది. జెండాలోని ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులు సైనిక, నౌకా, వైమానిక దళాలకు ప్రతీకలు.

విరాళాలు ఎవరికి?
యుద్ధాల్లో మరణించిన, గాయపడిన వారి కుటుంబాల పునరావాసం, విధుల్లో ఉన్న సైనికుల సంక్షేమం, మాజీ సైనికుల పునరావాసం ఈ నిధి ముఖ్యోద్దేశాలు. వేర్వేరుగా ఉన్న సంక్షేమ నిధులను 1993లో విలీనం చేసి సాయుధ దళాల పతాక దినోత్సవ నిధిని ఏర్పాటు చేశారు. కేంద్రీయ సైనిక్ బోర్డు దీనిని నిర్వహిస్తోంది. విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు వర్తిస్తుంది.

సైన్యాన్ని నవయవ్వనంతో ఉంచేందుకు జవాన్లలో అధికులను 35-40 ఏళ్ల వయసులోనే పదవీ విరమణ చేయిస్తారు. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు ముందున్న వయసది. నిర్ణీత సర్వీసు పూర్తికాక పింఛను దక్కనివారి పరిస్థితి మరీ దయనీయం. 65 ఏళ్లు దాటిన అటువంటి నిరుపేద మాజీ సైనికులకు, వారి వితంతువులకు నెలకు ఇచ్చే సాయాన్ని రక్షణ శాఖ 2025 అక్టోబరులో రూ.4 వేల నుంచి రూ.8 వేలకు పెంచింది. ఇద్దరు పిల్లల వరకు ఒక్కొక్కరికి నెలకు రూ.2 వేల విద్యా సాయం, కుమార్తె వివాహానికి రూ.లక్ష అందజేసేందుకు ఆమోదం తెలిపింది. అర్హులు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు.

ఊరి పేరులోనే మిలిటరీ
పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం గ్రామాన్ని అందరూ 'మిలిటరీ మాధవరం' అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి ఇక్కడి యువకులు తరతరాలుగా సైన్యంలో చేరుతూ వస్తున్నారు. తాత, తండ్రి, కుమారుడు సైనికులైన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. తెలుగు నేలపై పుట్టిన వీరుల్లో 1999 కార్గిల్ యుద్ధంలో నేలకొరిగిన హైదరాబాద్‌ వాసి మేజర్ పద్మపాణి ఆచార్య, 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్‌బాబు ఉన్నారు. ఇరువురికీ మరణానంతరం మహావీర్ చక్ర లభించింది.

జనవరి 14న మరో వందనం
స్వతంత్ర భారత సైన్యానికి తొలి భారతీయ సేనాధిపతి కె.ఎం.కరియప్ప 1953 జనవరి 14న పదవీ విరమణ చేశారు. ఆయన సేవలకు గుర్తుగా ఆ తేదీన మాజీ సైనికుల దినోత్సవం జరుపుతున్నారు. అమరుల పేర్లు చెక్కిన జాతీయ యుద్ధ స్మారకాన్ని 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభించారు.

స్మారకాలు పోయినవారిని గుర్తుచేస్తాయి. డిసెంబరు 7న జేబుకు పెట్టుకొనే చిన్న జెండా మాత్రం మన మధ్యే ఉన్నవారిని గుర్తుచేస్తుంది.