పడవ సీలంట్

పడవకు బిగించే కొక్కేలు, రెయిలింగులు, కిటికీల చుట్టూ నీరు చొరబడకుండా పూసే పదార్థం. నేటి ఫైబర్ పడవలకు రసాయన సీలంట్లు వాడతారు.

ఎంపిక: నీటి అడుగున శాశ్వతంగా అతకాల్సిన భాగాలకు పాలీయూరిథేన్ మేలు, అయితే దాన్ని ఊడదీయడం కష్టం. డీజిల్ తగిలే చోట, టేకు పలకల సందుల్లో పాలీసల్ఫైడ్ నిలుస్తుంది. అది అక్రిలిక్, పాలీకార్బొనేట్ కిటికీలకు హాని చేస్తుంది. వాటికి సిలికాన్ వాడాలి. సిలికాన్ అంటిన చోట రంగు పట్టదు. మళ్లీ విప్పాల్సిన డెక్ అమరికలకు బ్యూటైల్ టేపు అనువు.

వాడుక: పాత పూత గీకి, తడి, నూనె లేకుండా తుడవాలి. బోల్టు రంధ్రం పైఅంచును ఏటవాలుగా చెక్కితే సీలంట్ బోల్టు చుట్టూ ఉంగరంలా నిలుస్తుంది. బోల్టు కదలకుండా పట్టుకుని, నట్టును మాత్రమే తిప్పి బిగించాలి.